దొప్ప దెబ్బ

మా అన్నయ్య చెంప మీద నేను చివరిసారిగా చెయ్యి వేసింది, ప్రాణం పోయాక దవడకు గుడ్డ కట్టడానికి. వాళ్ల అబ్బాయి గుడ్డ నా చేతిలో పెట్టి "నువ్వు కట్టు బాబాయ్" అన్నాడు. కట్టాను. గడ్డం గరుకుగా ఉంది. చెంప ఇంకా కాస్త వెచ్చగానే ఉంది.

అంతకుముందు ఆ చెంప మీద నా చెయ్యి ఎన్నిసార్లు పడిందో చెప్పలేను. నేను ఐదో తరగతి చదివిన ఏడాదంతా, ఆదివారాలూ పండగ సెలవులూ పోను, రోజుకొక్కసారైనా పడింది. తమ్ముడు అన్నను కొట్టడమేమిటి, ఆ ఊళ్లో చెప్పేవాళ్లు లేరా అని మీరు అడగవచ్చు. చెప్పేవాళ్లు ఉన్నారండీ. కొట్టమని చెప్పింది వాళ్లే.

మా ఊరు పెదకాకాని పక్కన. నల్లరేగడి, వాన పడితే మన చెప్పుల్ని నేల తన దగ్గరే ఉంచుకుంటుంది. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడ్డ రోజులు. బోర్డు బడి, ఒకటే గది, ఐదు తరగతులు, ఒక్క మాస్టారు. అన్నయ్య నాకంటే మూడేళ్లు పెద్ద. మూడులో ఒకసారి, ఐదులో రెండుసార్లు ఆగిపోతే నేను వెనకనుంచి తాపీగా నడిచి వచ్చి కలుసుకున్నాను. "మీ అన్న నీకోసం ఆగాడ్రా" అనేది మా అమ్మ, ఒక్క మాటతో ఇద్దరి పరువూ కాపాడదామని.

మాస్టారికి కుడి భుజం నొప్పి. అందుకని దెబ్బల పని మాకు అప్పజెప్పారు. ఆయన ప్రశ్న అడుగుతారు. చెప్పలేనివాళ్లు నిలబడాలి. చెప్పినవాడు వెళ్లి ఒక్కొక్కళ్ల ముక్కు ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో చెంప వాయించాలి. పాఠం ఒప్పజెప్పినవాడికి చెంపలు అప్పజెప్పడమన్నమాట. మా వైపు బళ్లలో ఇది మామూలే. దీన్ని తప్పన్న తల్లిదండ్రులను నేను చూడలేదు. మెల్లగా కొట్టినవాణ్ణి మాస్టారు దగ్గరకు పిలిచి, "అట్లా కాదురా, ఇట్లా" అని వాడి చెంప మీదే చూపించేవారు. అప్పుడు మాత్రం భుజం నొప్పి ఉండేది కాదు.

నేను వసపిట్టని. పసితనంలో మా నాయనమ్మ నాలిక మీద వస కాస్త ఎక్కువ రాసిందట. ప్రశ్న పూర్తికాకముందే నా చెయ్యి లేచేది. అన్నయ్య మాత్రం పుస్తకం తెరిస్తే నోరు మూసేవాడు, పుస్తకం మూస్తే నోరు తెరిచేవాడు. సాయంత్రం దీపాలు పెట్టే వేళ నేను అరుగు మీద కూర్చుని పాఠం పైకి చదువుతుంటే, పక్కన ఎద్దులకు చొప్ప వేస్తూ ఒక్కసారి వినేవాడు. మర్నాటికి పాఠమంతా పొల్లు పోకుండా చెప్పేవాడు. ఆ పాఠంలోని ఒక్క అక్షరాన్ని వేలు పెట్టి చూపించి ఇదేమిటంటే మాత్రం తన ముక్కు కొస తనే పట్టుకుని నిలబడేవాడు. ఎటూ ఎవడో ఒకడు పట్టుకునేదే కదా, ముందే అందిద్దామని కాబోలు. ఆ అలవాటు చచ్చేదాకా పోలేదు. పెళ్లిపీటల మీద పురోహితుడు గోత్రం అడిగినప్పుడు కూడా ముక్కు పట్టుకున్నాడు.

"ఎందుకు రావట్లేదు అన్నయ్యా?" అని అడిగాను ఒకసారి, పత్తిచేలో.

పగిలిన కాయలోంచి దూది తీసి, పింజలు పింజలుగా విడదీసి, అరచేతిలో పెట్టి ఊదాడు. "ఇదిగో, ఇట్టా ఉంటయ్‌రా. ఒకటి పట్టుకునేలోపు ఇంకోటి లేచిపోద్ది. మీ అందరికీ కదలకుండా ఉంటయ్యా?"

"ఉంటయ్."

"అదృష్టవంతుల్రా మీరు" అన్నాడు, ఏ కుళ్లూ లేకుండా.

మా నాన్నకు ఈ దూది సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే మనిషి కాదు. "రాక కాదు, చదవక. పొగరు. దించుతా" అన్నాడు. ఒకనాడు కుంపట్లో నిప్పుల మీద గుప్పెడు ఎండు మిరపకాయలు వేసి, అన్నయ్య మెడ పట్టి వాటి మీదికి వంచి, పైన గొంగళి కప్పాడు. అన్నయ్య కాళ్లు నేలను తన్నుతున్నాయి. గొంగళి లోపల్నుంచి వచ్చిన దగ్గు మనిషి దగ్గులా లేదు. పెరటి కిటికీలోంచి చూస్తున్న నాకే కళ్లు మండి, ఊపిరి ఆడలేదు. బయట అమ్మ తలుపు బాదుతోంది. గొంగళి తీశాక నాన్న వాచకం తెరిచి ముఖం ముందు పెట్టి, "ఇప్పుడు చదువు" అన్నాడు. కళ్లే తెరుచుకోవడం లేదు, ఏం చదువుతాడు? మా ఊళ్లో మిరపకాయని కూరలోకే కాదు, చదువులోకీ వాడేవాళ్లు.

నేను అన్నయ్యను మొదటిసారి కొట్టాల్సి వచ్చినప్పుడు, చెంప మీద వాలిన ఈగను తోలినట్టు కొట్టాను. మాస్టారు పిలిచారు. "అట్లా కాదు, ఇట్లా." పక్కకు పడి లేచేసరికి పలకలు నాలుగు కనిపించాయి. ఉన్నది ఒకటే.

ఆ సాయంత్రం డొంకలో నడుస్తుండగా అన్నయ్య ఆగి, "చెయ్యి చాపరా చిన్నా" అన్నాడు. నా వేళ్లు దగ్గరకు చేర్చి, అరచెయ్యి మధ్యలో గుంట వచ్చేలా వంచాడు. "ఇస్తరాకుతో దొప్ప కుడతారే, అట్టా ఉండాల. లోపల గాలి మోగుద్ది, బయట చర్మం మండదు. కొట్టు."

కొట్టాను.

"వేళ్లు విడిపోతున్నయ్. మళ్లీ."

పొద్దు గూకేదాకా, తన చెంప మీదే, నాకు నేర్పాడు. ఎక్కడ ఆనాలో, మణికట్టు ఎప్పుడు వదలాలో, తను తల ఎంత తిప్పితే నాకు వీలో, అన్నీ. చివరికి ఒకటి ఎంత గట్టిగా మోగిందంటే పక్క చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు తలెత్తి చూశారు. అన్నయ్య పళ్లన్నీ కనపడేలా నవ్వాడు. "మోత ఎక్కువ, నొప్పి తక్కువ!"

ఆ మాట ఇక జీవితమంతా పట్టుకున్నాడు. వాన లేని ఉరుములకు అదే మాట, ఎన్నికల ఉపన్యాసాలకు అదే మాట, నేను అచ్చు వేయించుకున్న మొదటి కథ చదివి వినిపిస్తే దానికీ అదే మాట. దాన్ని పొగడ్తగా తీసుకోవాలో వద్దో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మర్నాటినుంచి మాస్టారికి నేనంటే ముద్దు. "వీడికి చదువు చేతికొచ్చిందిరా" అనేవారు. మేమిద్దరం ఆయన్ను మోసం చేస్తున్నామని నేను రోజూ లోపల్లోపల పొంగిపోయేవాణ్ణి. కొట్టేవాడికి ఆట అనుకోవడం సులువు.

ఆ ఏడాది మాఘమాసంలో ఇనస్పెక్టరు వస్తున్నాడని తెలిసింది. బడికి పిడుగురాళ్ల సున్నం కొట్టించారు. నాన్న అన్నయ్యతో ఒక్కటే మాట చెప్పాడు. "ఈసారి గట్టెక్కితే మీ తమ్ముడితో ఆరుకి పో. లేకపోతే రేపట్నుంచి నాగలి." ఆరో తరగతి అంటే పక్క ఊరి బడి. రోజూ ఇద్దరం కలిసి నడవచ్చు. అన్నయ్యకు ఆ బడి కావాలి. కొత్త పాఠాలుంటాయి, కొత్త కథలుంటాయి, చదివి వినిపించడానికి నేనుంటాను. పన్నెండు రోజులు నాచేత వాచకమంతా, అట్ట మీది మాటలతో సహా, చదివించుకున్నాడు. ఏ పేజీకి ఏ బొమ్మ ఉందో గుర్తు పెట్టుకుని, బొమ్మను బట్టి పాఠం పట్టేవాడు.

ఇనస్పెక్టరు వచ్చే రోజున మొద్దుపిల్లల్ని ఇంటి దగ్గర ఉండమనడం మాస్టారి పద్ధతి. అన్నయ్యకూ చెప్పారు. అయినా తలకు నూనె రాసుకుని వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు.

"ఎవరు చదువుతారర్రా?" అన్నాడు ఇనస్పెక్టరు.

అన్నయ్య లేచాడు. మాస్టారి ముఖం వెలిసిపోయింది. పత్తి చెట్టు బొమ్మ ఉన్న పేజీ తీసి, గంట కొట్టినట్టు చదివాడు. మా జిల్లాలో నల్లరేగడి ఎక్కడుంది, పత్తి ఎలా పండుతుంది, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ తీసుకుని, ఎక్కడ గొంతు దించాలో అక్కడ దించి. ఇనస్పెక్టరు తల ఊపాడు. ఒక్క నిమిషం, సరిగ్గా ఒక్క నిమిషం, మా అన్నయ్య ఆ బడిలో అందరికంటే గొప్పగా చదివే కుర్రాడు.

తర్వాత ఇనస్పెక్టరు పేజీ మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టాడు. "ఇది మళ్లీ చదువు."

అన్నయ్య చెయ్యి ముక్కు మీదికి పోయింది.

"ఇదేరా. ఇప్పుడే చదివావుగా."

వెనకనుంచి ఎవడో కిసుక్కున నవ్వాడు. ఇనస్పెక్టరు పుస్తకం లాక్కున్నాడు. "కంఠస్థం! మాస్టారూ, చిలకల్ని పెంచుతున్నారా ఇక్కడ?"

మాస్టారి మెడ మీద నరం లేచింది. "ఎవర్రా చెప్పేది?" అని అరిచారు.

ఆ క్షణాన నేను చెయ్యి ఎత్తకుండా ఉండవలసింది. అది నాకంటే ముందు లేచింది. వెళ్లి, పుస్తకం చూసి, ఆ మాట చదివాను. "శభాష్" అన్నాడు ఇనస్పెక్టరు. ఆ శభాష్ కల్లులా తలకెక్కింది. "కానీయ్" అన్నారు మాస్టారు.

అన్నయ్య ముక్కు పట్టుకున్నాను. రోజూలాగే తల కాస్త తిప్పి, పెదవులు కదలకుండా "దొప్ప" అన్నాడు. దొప్పే పెట్టాను. కానీ ఇనస్పెక్టరు చూస్తున్నాడు. ఎన్నడూ మోగనంత మోగాలి. చెయ్యి భుజం వెనక్కి లాగి, మనిషినంతా ఆ చేతిలో పెట్టి కొట్టాను. ఒక్క అంగుళం వెనక పడింది. చెంప మీద కాదు, చెవి మీద.

ఊదిన కాగితం సంచి పగిలినట్టు వినిపించింది. ఇనస్పెక్టరు కూడా ఉలిక్కిపడ్డాడు. అన్నయ్య గోడకు తగిలి, జారి, కొత్త సున్నం ఒళ్లంతా పూసుకుని లేచాడు. ఏడవలేదు. నావైపు చూసి "ఏమన్నావు?" అని అడిగాడు. నేనేమీ అనలేదు. చెవిలోంచి సన్నగా, ఎర్రగా, దారంలా వచ్చి చొక్కా మెడలోకి దిగింది.

దొప్పలో పట్టిన గాలంతా చెవిలోకి దూరితే కర్ణభేరి పగులుతుందని చాలా ఏళ్ల తర్వాత గుంటూరులో ఒక డాక్టరు చెప్పాడు. చాచి కొట్టినా అంత నష్టం ఉండేది కాదట. చదువు చెవిలోంచి తప్ప రాని మనిషి చెవిని, ఆ మనిషి దెబ్బ తగలకుండా నేర్పిన విద్యతోనే, నేను పగలగొట్టాను.

అమ్మ వెల్లుల్లి కాచిన నూనె చెవిలో పోసింది. ఎక్కువైందే గాని తగ్గలేదు. నాన్న వచ్చి నెత్తురు చూశాడు.

"ఎవడ్రా కొట్టింది?"

నేను స్తంభం వెనక ఉన్నాను. అన్నయ్య నావైపు చూడలేదు. "మాస్టారు" అన్నాడు.

తను పొగ పెట్టవచ్చు, పరాయివాడు నెత్తురు కళ్లచూడకూడదు. అది మా నాన్న న్యాయం. పొద్దున్నే ములుగర్ర తీసుకుని బడికి వచ్చాడు. "పంతులూ! నా బిడ్డ ఏం గొడ్డా?" అంటూ, గొడ్డును బాదే కర్రతోనే బాదాడు. మొదటి దెబ్బ ఆ కుడి భుజం మీద పడింది. నిజంగానే అక్కడ నొప్పి ఉన్నట్టుంది. ఆయన వేసిన కేకకు గది నిండా ఉన్న పిల్లలం గోడకు అతుక్కుపోయాం. రెండోది వీపు మీద. మూడోది తల పక్కన. కళ్లజోడు నా కాళ్ల దగ్గరకు దొర్లింది. కింద పడ్డ మాస్టారు, సున్నం మీద నెత్తుటి చెయ్యి ఆనించి, నావైపు చూశారు. "నీ చిన్నకొడుకే" అని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. కొట్టమన్నది తనే గనక అనలేదో, నేను పిల్లవాణ్ణి గనక అనలేదో తెలియదు. చూసిన పిల్లలూ ఆ కర్రకు జడిసి అనలేదు. నేనూ అనలేదు. నేను ఎందుకు అనలేదో మాత్రం తెలుసు.

మూడో రోజు మాస్టారు బండి మీద సామాను వేసుకుని ఊరు వదిలిపోయారు. అన్నయ్య నాగలి పట్టాడు. నేను ఆరో తరగతికి ఒక్కణ్ణే నడిచాను.

ఆ తర్వాత అన్నయ్యకు రెండు చెవులకూ రెండు ఉద్యోగాలు ఏర్పడ్డాయి. ఇష్టమైనది వినడానికి కుడిది, ఇష్టం లేనిది వినకపోవడానికి ఎడమది. వడ్డీవాడు వస్తే ఎడమ చెవి. కల్లంలో మిరపకాయలు ఏరుతూ ఆడవాళ్లు కథలు చెప్పుకుంటుంటే కుడి చెవి. నేను ఎప్పుడైనా గొంతు సవరించుకుని, "అన్నయ్యా, ఆ రోజు బళ్లో..." అని మొదలుపెడితే తల ఠక్కున తిరిగేది. "ఏందీ? వినపడట్లా" అంటూ ఎడమ చెవి నాకు అప్పగించేవాడు.

అరవైల్లో నేను ట్రైనింగు పూర్తిచేసి పొదిలి పక్కన ఒక పల్లెలో పంతులునయ్యాను. వాన మీద ఆధారపడ్డ మెట్ట నేల, వాన ఎవరి మీదా ఆధారపడదు. నాకు భుజం నొప్పి లేదు. అయినా ముక్కూ చెంపా పద్ధతే పెట్టాను. మాస్టారి దగ్గర నాకు బాగా వచ్చిన విద్య అదొక్కటే కదా.

ఒకరోజు అన్నయ్య కొత్త మిరపకాయల సంచీతో బస్సు దిగి వచ్చి, బడి వసారాలో కూర్చున్నాడు. లోపల ఒక దర్జీ కూతురు నిలబడి ఉంది. మూడు నెలలుగా వాచకంలో ఒక్క వాక్యం చదవని పిల్ల. ఇంకో కుర్రాడు చెప్పాడు. "కానీయ్" అన్నాను. ఆ మాట మాస్టారి గొంతుతోనే వచ్చింది. కుర్రాడు ఆ పిల్ల ముక్కు పట్టుకున్నాడు.

అన్నయ్య లోపలికి వచ్చాడు. పిల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కుర్రాడి చెయ్యి తీసి తన ముక్కు మీద పెట్టుకున్నాడు.

"కొట్టు నాయనా. ఈ పాపదీ నాదీ ఒకటే జబ్బు. కాకపోతే ఇటు కొట్టు," అని కుడి చెంప చూపించాడు. "అటుపక్కది అయిపోయింది."

పిల్లలు నవ్వారు. కుర్రాడికి ఏడుపొచ్చింది.

"లే అన్నయ్యా. పిల్లలు చూస్తున్నారు."

"చూడనీయండి పంతులుగారూ. చూసేగా నేర్చుకునేది."

నన్ను అన్నయ్య 'అండీ' అన్నది జీవితంలో ఆ ఒక్కసారి. ములుగర్ర దెబ్బయినా అంత లోతు దిగేది కాదు. ఆ పూటకి బడి వదిలేశాను.

సాయంత్రం నేనే ఎగిరాను. "పది మందిలో నా పరువు తీశావు!"

"పరువు మళ్లీ వస్తది చిన్నా. చెవి రాదు."

తనే నెమ్మదిగా చెప్పాడు. "ఆ పిల్లకి పాఠం చదివి వినిపించు. తర్వాత నోటితో చెప్పమను. చదవమనబాక, రాయమనబాక. ముందు ఒక్క అక్షరం ఇవ్వు. ఇసకలో బారెడంత గీసి దానిమీద వేలితో నడవమను. అది కుదురుగా నిలబడ్డాకే రెండోది. తొందరపెట్టావంటే లేచిపోతయ్."

"నీకెట్టా తెలుసు ఇదంతా?"

"నాకెవరన్నా అట్టా చెప్పుంటే ఎట్టా ఉండేదా అని పదేళ్ల నించి నాగలి ఎనక అదే ఆలోచన."

ఆ పిల్లకు ఒక పేజీ చదవడానికి ఏడాదిన్నర పట్టింది. నెమ్మదిగా, రాళ్ల మీద అడుగులేసి వాగు దాటినట్టు చదివింది. అన్నయ్య వచ్చిన రోజే కొట్టడం మానేశానని రాసుకోవాలని ఉంది. ముక్కూ చెంపా మానేశాను. బెత్తం వదలడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. నాదీ మందబుద్ధే.

మొన్నీమధ్య అన్నయ్య మనవరాలికి చదువు రావడం లేదని బడివాళ్లు డాక్టరు దగ్గరకు పంపారు. ఆ డాక్టరు దీనికొక పేరు ఉందని, తెలివికీ దీనికీ సంబంధం లేదని, ఓపిగ్గా వేరే పద్ధతిలో నేర్పితే వస్తుందని కాగితం రాసిచ్చాడు. కాగితం చదివి వినిపిస్తే అన్నయ్య ముక్కు పట్టుకున్నాడు. "దీనికి పేరుందంట్రా! మా రోజుల్లో మాకు పేర్లు పెట్టేవాళ్లు గానీ, దీనికి పెట్టలా." ఆ తర్వాత రోజూ సాయంత్రం నేను పాఠం చదువుతుంటే ఇద్దరూ వినేవాళ్లు. మనవరాలు కుడిపక్క కూర్చునేది.

శ్మశానానికి వెళ్లే దారిలో పాడె దించి, పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పిలిచే ఆచారం మాకుంది. ప్రాణం ఏ మూలన్నా ఉంటే లేస్తారని ఆశ. కొడుకు పిలిచాడు. తర్వాత నేను కూర్చున్నాను.

"బాబాయ్, ఆ చెవి కాదు" అన్నాడు వాడు. "అది వినపడదుగా. చిన్నప్పుడు ఎవరో పంతులు కొట్టాడంట."

చూసుకుంటే, ఎడమ పక్కనే కూర్చున్నాను. నిజం చెప్పడానికి కూడా వినపడని చెవినే ఎంచుకున్నాను. లేచి, పాడె చుట్టూ తిరిగి, కుడిపక్కకు వచ్చాను. "అన్నయ్యా" అన్నాను. "అన్నయ్యా" అన్నాను. మూడోసారి, మోసేవాళ్లు నలుగురికీ, వెనక ఉన్న ఊరివాళ్లకీ వినపడేంత గొంతుతో చెప్పాను.

"అన్నయ్యా, కొట్టింది మాస్టారు కాదు. నేను."

ఈసారి తల తిప్పుకోలేదు.